ధూళిమిట్ట దారిలో వడ్లు, రాళ్లు, మా స్రవంతి స్కూటీ

అదే కదా నేనూ అనేది. ఎండాకాలం బండి మీద దూరం పోవాలంటే తెల్లవారుజామునే బయలుదేరాలని నాకు తెలియదా? తెలుసు. మా ఆవిడ భాగ్యకూ తెలుసు. ముందురోజు ఇద్దరం కలిసే ఐదింటికి అలారం పెట్టుకున్నాం. అలారం తన పని తాను చేసింది. ఆ తర్వాత గాజుల డబ్బా దొరకలేదు. అది దొరికాక బీరువా తాళంచెవి దొరకలేదు. అది దొరికాక పాలాయన దొరికాడు, ఆయనతో ఒక పావుగంట. గడప దాటేసరికి ఎనిమిదిన్నర. మే నెలలో సిద్దిపేటలో ఎనిమిదిన్నర అంటే సూర్యుడు డ్యూటీ ఎక్కి చాలాసేపయినట్టు లెక్క. మా ఆవిడ మాత్రం గేటు వేస్తూ, "ఇంక మంచిగ పొద్దే పొడువలే, ఆగమాగం జేస్తవ్" అంది.

ప్రయాణం దేనికంటే ఒడిబియ్యానికి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మా వైపు పెళ్లయిన ఆడబిడ్డను కొన్నేళ్లకోసారి పుట్టింటివాళ్లు పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆమె ఒడిలో పోస్తారు. ఆమెకు పుట్టింటి మర్యాద, వెంట వెళ్లిన మొగుడికి కొత్త బట్టలూ మటన్ కూరా. నేను సిద్దిపేటలో దర్జీని. ఏడాదంతా ఊరందరికీ కొత్త బట్టలు కుట్టే నాకు ఒకరు బట్టలు పెట్టే సందర్భం ఇదొక్కటే కాబట్టి ఎండకు భయపడి మానుకునే ఉద్దేశం నాకు లేదు. భాగ్య తమ్ముడు మల్లేశం ఊరు ధూళిమిట్ట దాటాక కాస్త లోపలికి ఉంటుంది. బస్సులో పోయేవాళ్లు సిద్దిపేట నుంచి చేర్యాలకు పోయి, అక్కడ బస్సో ఆటోనో మారాలి. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు, ఉచితమే. ఆ మాట నేనే గుర్తుచేసి, నువ్వు బస్సులో రా, నేను బండి మీద వస్తానని అన్నాను. "ఒడిబియ్యం నాకా, నీకా?" అని అడిగింది. బండి తీశాను.

మల్లేశం కూతురు స్రవంతి పక్క మండలంలో సర్కారు దవాఖానలో నర్సు. రోజూ స్కూటీ మీద పోయి పొద్దుగూకే వేళకు ఇంటికి వస్తుంది. వడదెబ్బ కేసులు ఎక్కువై మేనత్త ఒడిబియ్యానికి కూడా సెలవు దొరకలేదని రెండు రోజుల ముందే నాకు ఫోన్ చేసింది.

"మామా, పొద్దుగాల్నే బయలెల్లుండ్రి. ఎండ ముదిరినంక వచ్చిన్రనుకో, ఇంటికి గాదు, సక్కగ మా వార్డుకే వస్తరు."

"మీ వార్డుల మటన్ పెడ్తరా?"

"సెలైన్ పెడ్తం. నీళ్ల సీసాల ఇంత ఉప్పు, ఇంత చక్కెర, నిమ్మకాయ పిండుకొని పట్టుకరాండ్రి. దూపయినంక తాగుడు గాదు, దూప గాకముందే తాగాలె. అత్తకు గూడ హెల్మెట్ పెట్టు."

ఆ హెల్మెట్ మరో కథ. మా ఆవిడ తలలో మల్లెపూలు పెట్టుకుంది. పూల మీద హెల్మెట్ ఎట్లా పెట్టాలని అడిగింది. హెల్మెట్ మీద పూలు పెట్టుకోమన్నాను. చివరికి పూలు డిక్కీలోకి, హెల్మెట్ తలమీదికి చేరాయి. లోపల తడి చేతిరుమాలు వేసుకుంటే నెత్తి ఉడకదు. ఇది నా సొంత కనిపెట్టుడు, ఎవరైనా వాడుకోవచ్చు.

ఊరు దాటకముందే గాలి చూపిద్దామని పంక్చర్ షాపు యాదగిరి దగ్గర ఆపాను. హెల్మెట్ తీసి, వేడికి గాలి ఉబ్బుతుంది కదా, కొంచెం తక్కువ కొట్టమన్నాను. యాదగిరి టైరు వైపు చూశాడు, తర్వాత నా తల వైపు చూశాడు.

"అన్నా, ఎనుక టైరు నీ నెత్తి లెక్కనే ఉన్నది. ఒక్క గీత గూడ లేదు. గాలి సంగతి తర్వాత, గీ టైరు మీద గీ ఎండల అంత దూరం పోతవా?"

"ఇంకో నెల నడుస్తది తియ్యి."

"నడుస్తది. వదినె గూడ నడుస్తది, నువ్వు గూడ నడుస్తవ్. బండి ఒక్కటే నడువది."

మా ఆవిడ అప్పటికే బండి దిగి నీడకు పోయి కూర్చుంది. అంటే తీర్పు అయిపోయినట్టే. టైరూ ట్యూబూ కలిపి రెండు వేల లోపే అయింది. గాలి మాత్రం కంపెనీ చెప్పినంతే కొట్టాడు. తక్కువ కొడితే టైరు రోడ్డుకు ఇంకా ఎక్కువ రాసుకుని వేడెక్కుతుందట. ఇన్నేళ్లుగా నేను పదిమందికి తక్కువ కొట్టించుకోమని సలహా ఇచ్చాను. వాళ్లందరూ క్షేమంగానే ఉన్నారు, అంటే నా మాట ఎవరూ వినలేదన్నమాట.

చేర్యాల రోడ్డు బాగుంటుంది. రెండు వైపులా కోత అయిన పొలాలు, అక్కడక్కడా తాటిచెట్లు, దూరంగా గుట్టలు. తొమ్మిదిన్నర దాటాక రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు మెరుపు కనిపించడం మొదలైంది. దగ్గరికి పోతే ఏమీ ఉండదు. ఒక తాటివనం దగ్గర ముంజలు అమ్ముతుంటే ఆగాం. వందకు డజను. బొటనవేలితో పొడిచి నోట్లో వేసుకుంటే చల్లటి నీళ్లు గొంతు దాకా పోతాయి. మా ఆవిడ ముఖం అప్పుడు విచ్చుకుంది. పొద్దున్నుంచీ జరిగినవాటిలో నా తప్పులన్నీ మాఫీ అయ్యాయని అర్థమైంది.

అక్కడే చింతచెట్టు కింద ఒక లారీ ఆగి ఉంది. డ్రైవర్ లారీ కింద దుప్పటి పరుచుకుని పడుకోబోతున్నాడు. ఇంత పొద్దున నిద్రేమిటని అడిగాను.

"ఎండెక్కినంక స్టీరింగ్ ముట్టను పెద్దన్నా. క్యాబిన్ల పొయ్యి మీద గూసున్నట్టుంటది, కండ్లు మూతలు వడ్తయి. మల్ల సల్లవడ్డంకనే."

"షావుకారు ఏమనడా?"

"అంటడు. ఫోన్ల తిడ్తడు. ఫోన్ల తిడితె తాకదు గద" అని దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

మేము మాత్రం ఎండలో పోతూనే ఉన్నాం. చేర్యాలలో నిమ్మసోడా తాగాం, చెరొకటి ఇరవై రూపాయలు. భాగ్య చీర కొంగు నడుముకు బిగించి కట్టుకుందో లేదో మళ్లీ చూశాను. నేను దర్జీని, చక్రంలో చుట్టుకున్న కొంగులు ఎట్లా ఉంటాయో చూసినవాడిని. ధూళిమిట్ట దాటి మల్లేశం ఊరి రోడ్డు ఎక్కేసరికి పదకొండయింది.

అక్కడ మొదలైంది అసలు సంగతి. తారు రోడ్డు సగం నల్లగా, సగం బంగారంలా ఉంది. బంగారంలా ఉన్న సగం వడ్లు. యాసంగి వరి కోతలు అయ్యాక ఆరబెట్టడానికి అందరికీ కల్లాలు లేవు. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందంటే తిప్పి పంపుతారు. తారు రోడ్డేమో పెనంలా కాలుతుంది. అందుకని ఎవరి ఇంటి దగ్గర వాళ్లు రోడ్డు మీదే పరిచేస్తారు. బండ్లు వడ్ల మీదికి ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్లు పెడతారు, కొబ్బరికాయంత నుంచి గుమ్మడికాయంత దాకా. మిగిలిన సగం రోడ్డులోనే వచ్చేవాడూ పోయేవాడూ సర్దుకోవాలి. అంత ఎండలో తారు కూడా నల్లగానే, రాళ్లు కూడా నల్లగానే ఉన్నాయి. ఎదురుగా ఒక కారు వచ్చింది. నేను పక్కకు జరిగాను. ముందు చక్రం రాయికి ఒక జానెడు దూరంలో ఆగింది. కొత్త టైరు కాబట్టి ఆగింది.

నాకు కోపం తక్కువ. వచ్చినప్పుడు మాత్రం కొంచెం గట్టిగా వస్తుంది. "ఎవడయ్యా గీ రాళ్లు వెట్టింది! రోడ్డు నీ అయ్య కట్టిచ్చిండా! మనుషులు పోవాల్నా, గాలిల ఎగిరి పోవాల్నా!" అని అరిచాను. రోడ్డు మీద ఎవరూ లేరు. ఎవరూ లేరని మరి కొంచెం గట్టిగా అరిచాను.

వెనకనుంచి మా ఆవిడ నా వీపు మీద పొడిచింది. "జర మెల్లగ. గా పరదా జూడు."

"ఏ పరదా?"

"గదే, చెట్టు కింద మడిచిపెట్టిన నీలిరంగుది. మూలకు ఎర్ర మాసిక. మన ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తాల మీద కప్పింది. పోయినేడు నా తమ్మునికి ఇచ్చినం."

చూశాను. మాసిక కుట్టు నాదే. చెట్టు కింద పరదా పక్కన తువ్వాల కప్పుకుని పడుకున్న మనిషి లేచాడు. మా బామ్మర్ది మల్లేశం.

"బావా! వచ్చిన్రా! ఏంది, ఎవర్నో తిడ్తున్నవ్?"

"నిన్నే. పేరు గిప్పుడే తెలిసింది."

మల్లేశం నవ్వాడు. వాడికి తిట్లు తగలవు, అది వాడి వరం. "రాళ్లు లేకపోతె బండ్లు వడ్ల మీదికెల్లే పోతయి బావా. గింజ పిండైతది. పొద్దుమూకకముందు నేనే తీసేస్త గద, దినాం తీస్త" అన్నాడు.

ఒడిబియ్యం బ్రహ్మాండంగా జరిగింది. మల్లేశం, వాడి భార్య రేణుక కలిసి భాగ్యను పీట మీద కూర్చోబెట్టి, పట్టుచీర కట్టించి, గాజులు తొడిగి, దోసిళ్లతో బియ్యం పోశారు. చుట్టుపక్కల ఆడవాళ్లందరూ వచ్చి తలా ఇన్ని పోశారు. బియ్యం బరువుకు మా ఆవిడ లేవలేకపోతే నలుగురూ పట్టి లేపారు, ఇల్లంతా నవ్వులు. నాకు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా పెట్టారు. రెడీమేడ్. దర్జీకి రెడీమేడ్ పెట్టడంలో ఒక ధైర్యం ఉంది. భుజాల కుట్టు వంకరగా ఉందని నేను ఒక్కమాట కూడా అనలేదు, ఎందుకంటే అప్పటికే గారెలూ మటనూ వడ్డించారు.

తింటున్నప్పుడు రేణుక మజ్జిగ పోస్తూ నా దగ్గర ఆగింది.

"అన్నా, నువ్వన్న చెప్పు ఈయినకు. వారం సంది తండ్రీ బిడ్డలకు గీ రాళ్ల మీదనే పంచాయితి. దినాం పొద్దుమూకంగ నా బిడ్డ గా రోడ్డు మీదికెల్లే వస్తది. మనదొక్కటేనా, గా వాగు మీది మోరి కాడినుంచి అందరియి రాళ్లే. దాని బండి సప్పుడు ఇనవడేదాక నేను పొయ్యి కాడుంట గని నా పానమంత రోడ్డు మీదుంటది."

"నా బిడ్డకు గా రోడ్డు అరచెయ్యి లెక్క" అన్నాడు మల్లేశం, బొక్క చీకుతూ. "మన రాళ్లు దానికి ఎన్నడన్న అడ్డమొచ్చినయా? వచ్చేవరకు తీసేస్త గద."

"ఒకనాడు మర్చిపోతె?"

"ఏండ్ల సంది ఎవుసం జేస్తున్న, నేను మర్చిపోతనా?"

రేణుక నా వైపు చూసింది. నేను మజ్జిగ వైపు చూశాను. మటన్ తినిపించినవాడికి ఎదురు చెప్పడం కష్టం. చెప్పవలసింది.

కడుపు నిండాక అందరం పడుకున్నాం. బాగా సాయంత్రమై నాకు మెలకువ వచ్చేసరికి గాలి వాసన మారింది. పడమర దిక్కున మబ్బు కుండలో పొగలా ఉంది. ఎండాకాలం మబ్బు అట్లాగే వస్తుంది, చుట్టం లాగా ముందు చెప్పదు. వీధిలో ఎవరో అరిచారు, "మొగులొచ్చింది! వడ్లు! వడ్లు!"

ఆ తర్వాత అరగంట ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. మల్లేశం చెక్కపారతో వడ్లు కుప్ప చేస్తుంటే రేణుకా భాగ్యా చీపుళ్లతో ఊడ్చారు. పట్టుచీర కొంగు బిగించి, కొత్త గాజులు గలగలమంటూ మా ఆవిడ ఊడ్చిన వేగం చూస్తే, పొద్దున గాజుల డబ్బాకు మూడున్నర గంటలు పట్టింది ఈ మనిషికేనా అనిపించింది. నేను నా తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తట్టలు మోశాను. పక్కింటి గీత కార్మికుడు ఐలయ్య తన వడ్లు అయిపోగానే మా దగ్గరికి ఉరికి వచ్చాడు. దుమ్ము లేచింది, కళ్లు మూసుకుపోయాయి. ఎవరో మా మీద నవ్వారు, మేము ఇంకెవరి మీదో నవ్వాం. కుప్ప మీద నా మాసిక పరదా కప్పాం. అది ఎగిరిపోకుండా చేతికందిన నాలుగు రాళ్లు మీద పెట్టాం. మొదటి చినుకులు రూపాయి బిళ్లలంత పడ్డాయి. రేణుక పొయ్యి మీద పాలున్నాయని ఇంటికి ఉరికింది. మిగతా అందరం ఐలయ్య రేకుల కిందికి చేరాం.

వాన దంచింది. కరెంటు పోయింది. పొద్దు ఇంకా గూకలేదు కానీ మబ్బుకు చీకటైపోయింది. గింజ తడవలేదని అందరి ముఖాలూ వెలుగుతున్నాయి. మల్లేశం గెలిచిన పహిల్వాన్‌లా తొడలు చరుచుకున్నాడు. "జూసినవా బావా, ఒక్క గింజ పోలే!" ఐలయ్య నా ప్యాంటు చూసి, "బావ కొత్త బట్టలకు ఊరి మట్టి ముట్టింది, ఇగ ఈడికే వచ్చి ఉంటడు" అన్నాడు. అందరం నవ్వుతుండగానే తల మీద సంచి కప్పుకుని, పాలు దించి వచ్చిన రేణుక రేకుల కిందికి చేరింది. ఆమె నవ్వలేదు.

"రాళ్లు తీసినవా?"

మల్లేశం నవ్వు ఆగింది. "పరదా మీద పెట్టిన గద."

"అన్నియా?"

వాడు నోరు తెరిచాడు. ఆ క్షణంలో రేకుల కింద ఉన్న ప్రతివాడి ముఖం అట్లాగే ఉంది. వడ్లు తీశాం. ఊరంతా కలిసి చివరి గింజ దాకా తీశాం. వడ్ల కోసం పెట్టిన రాళ్లను మాత్రం రోడ్డు నడుమ, చీకట్లో, వానలో వదిలేసి వచ్చాం. పొద్దున వడ్లు పక్కనుంటే రాయి ఎందుకుందో తెలుస్తుంది. ఇప్పుడు వడ్లు లేవు, రోడ్డు మధ్యలో ఉత్త రాళ్లు ఉన్నాయి. స్రవంతి వచ్చే వేళయింది.

మల్లేశం ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి ఉరికాడు. నేనూ ఐలయ్యా వెనకే ఉరికాం. మా ఫోన్ల లైట్ల వెలుతురులో తడి రోడ్డు మీద రాళ్లు అరచేయి దూరంలోకి వచ్చేదాకా కనిపించడం లేదు. మల్లేశం కాలితో వెతుకుతున్నాడు. తగిలిన ప్రతి రాయినీ ఎత్తి పొలంలోకి విసురుతున్నాడు. తన రాళ్లు అయిపోయాయి, పక్కవాడివి మొదలుపెట్టాడు. వాడి కాలివేలు చిట్లింది. నేను చెబితే కిందికి చూడనైనా లేదు. "మోరి దాక ఉన్నయి బావా, మోరి దాక" అంటున్నాడు.

అప్పుడు దూరంగా మోరి దగ్గర ఒక లైటు కనిపించింది. ఒంటి లైటు. కొంచెం కదిలింది, ఆగింది. మేమూ ఆగాం. మళ్లీ కదిలింది. మళ్లీ ఆగింది, ఈసారి చాలాసేపు. "పడ్డది" అన్నాడు మల్లేశం. "స్రవంతీ!" అని అరుస్తూ లైటు వైపు ఉరికాడు. ఉరుకుతుండగానే లైటు మళ్లీ కదిలింది. నాలుగు బారలు వచ్చి మళ్లీ ఆగింది. ఇదేమి నడకో నాకు అర్థం కాలేదు. గుండె మాత్రం లైటు ఆగినప్పుడల్లా ఆగుతోంది.

దగ్గరికి పోయేసరికి స్రవంతి స్కూటీ స్టాండు వేసి, రెయిన్‌కోటు మీద హెల్మెట్‌తో, రోడ్డు మధ్యలో వంగి ఒక రాయిని రెండు చేతులా ఎత్తుతోంది. ఎత్తి తెచ్చి స్కూటీలో కాళ్లు పెట్టుకునే చోట వేసింది. అక్కడ అప్పటికే ఒక కుప్ప రాళ్లున్నాయి. సీటు వెనకాల సంచిలో కూడా రాళ్లే.

"ఏం బాపూ, చెప్పుల్లేకుండ ఎటు వోతున్నవ్?" అంది.

మల్లేశం ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాడు. బిడ్డను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "ఫోన్ ఎందుకెత్తలే?" అన్నాడు చివరికి.

"బండి మీద ఫోన్ ఎత్తుతరా? నువ్వు జేసుడు జేసుడుకు ఇంట్ల ఏమైందోనని నా పానం అదిరింది. ఇంకోసారి బండి మీదున్నప్పుడు చెయ్యకు."

"చెయ్య" అన్నాడు మల్లేశం. వారం నుంచి పంచాయితీ నడుస్తున్న ఇంట్లో అది మొదటి ఒప్పుకోలు. "నీకు రాళ్లు ఉన్నయని ఎట్ల తెలుసు?"

"ఆడ మొగులు జూసినప్పుడే అనుకున్న. ఇయ్యాల ఊరంత వడ్ల మీద పడ్తరు, రాళ్లు ఎవ్వరికి యాదికుండయని. మోరి కాడికెల్లి నడక లెక్కనే వస్తున్న."

నాకు ఒకటి అర్థం కాలేదు. "తీసినదానివి పక్కన పడెయ్యరాదు బిడ్డా, గీ బరువు ఎందుకు మోసుకొస్తున్నవ్?"

"పక్కన పడేస్తె పొద్దుగాల మల్ల తెచ్చి గాడనే పెడ్తరు మామా. అందుకే ఇంటికి పట్టుకపోతున్న."

ఐలయ్య పడీపడీ నవ్వాడు, వాన చప్పుడులో కూడా వినిపించింది. మల్లేశం నవ్వలేదు. వంగి స్కూటీ మీది రాళ్లలో పెద్దదాన్ని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "గిది నాది గాదు" అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

"ఎవ్వలిదైతేంది బాపూ, తాకితె కాలు ఇరుగుడు ఒక్కతీరే."

ఇంటి దాకా మేము రాళ్లు మోసుకుంటూ నడిచాం, స్రవంతి బండి నడుపుతూ పక్కనే వచ్చింది. రేణుక వాకిట్లో నిలబడి ఉంది. బిడ్డను చూసింది, తర్వాత మా భుజాల మీది రాళ్లను చూసింది. లోపలికి పోయి అందరికీ చాయ్ పెట్టింది. మల్లేశానికి మాత్రం చక్కెర తక్కువ వేసింది, అది నేను గమనించాను. స్రవంతి తండ్రి కాలివేలికి కట్టు కట్టింది. వాడు ఒకసారి కూడా అబ్బా అనలేదు.

పొద్దున లేచేసరికి వాకిట్లో జాతర. ఎండ మళ్లీ కాసింది, వడ్లు పరచాలి, రాళ్లు కావాలి. ఒక్కొక్కరూ వచ్చి మల్లేశాన్ని అడుగుతున్నారు. వాడు రాళ్ల కుప్ప మీద పంచె సర్దుకుని కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన కాలు ముందుకు చాపి.

"మల్లన్నా, నా రాళ్లు నాకియ్యరాదు" అన్నాడు ఐలయ్య.

"నీ రాళ్లు ఏవో గుర్తు వట్టి తీస్కపో."

ఐలయ్య కుప్ప చుట్టూ తిరిగాడు. "అన్ని రాళ్లే గద?"

"అయితె నీది లేనట్టే. గడ్డి మోపులు పెట్టుకో, తాకినా ఏంగాదు. దూరంకెల్లి కనవడేతట్టు ఎర్ర గుడ్డ కట్టు."

"వరిగడ్డి గాలికి ఎగిరిపోతది గదనే!"

"ఎగిరితె మల్ల తెచ్చుకో. కాలు ఎగిరితె తెచ్చుకుంటవా?"

నిన్న నాకు రాళ్ల గొప్పతనం గురించి పాఠం చెప్పిన మనిషి ఇతనే. నేను మధ్యలో కల్పించుకోలేదు. రేణుక పాత ఎర్ర చీర ఒకటి తెచ్చి ఇస్తే, కత్తెర అడిగి పట్టీలుగా కత్తిరించి ఇచ్చాను. అందరూ మారిపోయారని చెప్పను. ఇద్దరు ముగ్గురు తిట్టుకుంటూ పోయి చేను గట్ల మీద కొత్త రాళ్లు ఏరుకోవడం నా కళ్లతోనే చూశాను. మల్లేశం తన వడ్లు మాత్రం రోడ్డు దించి, ఇంటి వెనక జాగలో నా మాసిక పరదా మీద పరిచాడు. అక్కడ ఆరడానికి రెండు రోజులు ఎక్కువ పడుతుందని గొణుగుతున్నాడు. గొణగనీ. స్రవంతి డ్యూటీకి పోతూ ఆ గొణుగుడు విని, హెల్మెట్ లోపల నవ్వుకుంటూ పోయింది.

ఇదంతా మల్లేశం ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్‌లో టైపు చేస్తున్నాను. ఎండ తగ్గాక బయలుదేరాలి. ఎండాకాలం రోడ్డు గురించి రాయమంటే ఎవరైనా ఎండ గురించే రాస్తారు, నేనూ అదే రాయాలనుకున్నాను. కానీ ఎండ కళ్లకు కనిపిస్తుంది, నీళ్లు తాగితే, నీడన ఆగితే, దానితో ఎట్లాగో గడిచిపోతుంది. ఆరు నెలల కష్టాన్ని కాపాడుకోవాలనుకున్నవాడు రోడ్డు మీద పెట్టిన రాయి చెడ్డమనసుతో పెట్టింది కాదు. వాడి బిడ్డ ఆ రోడ్డు మీదే ఇంటికి వస్తుంది. మా ఇంట్లో అయితే రాయి పెట్టినవాడూ, రాయి తప్పించుకుని వచ్చినదీ ఒకే కుండలోని అన్నం తిన్నారు. అన్ని ఊళ్లలోనూ అంతే అనుకుంటాను. వానలో ఆ లైటు ఆగి ఆగి కదులుతున్నప్పుడు నా గుండె పడ్డ పాట్లు ఇంకెవరి గుండె కూడా పడకూడదని ఇంత పొడుగు రాశాను.

మీరు ఇటువైపు వచ్చేదుంటే ఒక్క మాట. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద పొద్దు గూకకముందే చేరేటట్టు బయలుదేరండి. ఆలస్యమైతే వడ్లు కనిపించినా కనిపించకపోయినా రోడ్డు మధ్యలో రాళ్లున్నాయనే అనుకుని, మనిషి నడిచే వేగంతో రండి. వాన కురిసి వెలిసిన సాయంత్రం మరీ జాగ్రత్త. ఇంకొకటి, బండి వెనక కూర్చున్నవాళ్లకు ఒడిబియ్యం మూట ఉంటే దాన్ని నడుముకు కాకుండా బండికి కట్టాలి, ఎందుకంటే మలుపులో ఆ బరువు ఒక పక్కకు లాగినప్పుడు మనం

"బావా! ఉరికిరా! ఐలన్న రాయి ఎత్తుకపోతుండు, అటెల్లి అడ్డం తిరుగు!"